లేవని చేయి, కోరుట్ల ఖువ్వత్

దసరా సెలవుల్లో ఎక్కడికెళ్ళొచ్చావని అడిగిన వాళ్ళకు కోరుట్ల అని చెప్పాను. కోరుట్లలో ఏముందన్నారు. చైనా వాళ్ళ ప్రాణశక్తి సాధన నేర్చుకోవడానికి వెళ్ళానన్నాను. దానికి చైనా వెళ్ళాలి గదా అన్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు చెప్పే ఓపిక నాకు లేదు కాబట్టి అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

నా కుడిచేయి ఏడాదిగా భుజం దాటి పైకి లేవదు. తెనాలి దగ్గర ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. లెక్కల టీచరుకు చేయి లేవకపోవడమంటే వంటవాడికి పొయ్యి అంటుకోకపోవడమే. బోర్డు కింది సగంలోనే రాస్తున్నాను. వెనక బెంచీల వాళ్ళు లేచి నిలబడితే తప్ప ఏమీ కనబడదు, వాళ్ళు లేస్తే వాళ్ళ వెనక వాళ్ళకు కనబడదు. డాక్టరుగారు భుజం బిగుసుకుపోయిందన్నారు, దానంతటదే వదులుతుంది, ఏడాది పట్టొచ్చు, రెండేళ్ళూ పట్టొచ్చు అన్నారు. ‘వచ్చు’ అనే మాట లెక్కల్లో ఉండదండీ అని చెప్పి వచ్చేశాను. హెడ్మాస్టరుగారు మాత్రం కచ్చితంగానే చెప్పారు. సెలవుల తర్వాత కూడా ఇదే తంతు అయితే నా పదో తరగతి వేరే వాళ్ళకిచ్చి, నన్ను మధ్యాహ్న భోజనం చూసుకోమంటారట. సాంబారు కొలిచే బతుకు నాకొద్దు.

ఆ సమయంలోనే మా వీధి ఎలక్ట్రీషియన్ ఒక సంగతి చెప్పాడు. ఈయన దుబాయిలో పనిచేసినప్పుడు రాజన్న అనే కోరుట్ల తాపీమేస్త్రి పక్క మంచం మీద ఉండేవాడట. అదే క్యాంపులో ఉన్న ఒక చైనా క్రేన్ ఆపరేటర్ దగ్గర రాజన్న ఆ దేశపు కసరత్తు నేర్చుకుని, ఇంటికి తిరిగొచ్చాక ఊళ్ళో నేర్పుతున్నాడట. ఎలక్ట్రీషియన్‌కు నడుంనొప్పి దానితోనే పోయిందట. నేను లైబ్రరీకి వెళ్ళి తావో మార్గం గురించి ఒక పాత పుస్తకం వెతికి తెచ్చుకున్నాను. నీళ్ళలా మెత్తగా ఉండు, ఏమీ చేయకుండానే చేయి, గెలవాలనుకోకు అని ఉంది అందులో. చదువుతున్నంత సేపూ నాకు కోపం వచ్చింది. అంటే ఈ విద్య నాకు అవసరమేనని అర్థమైంది.

మా ఆయన అభ్యంతరం వేరే. తెలంగాణలో ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె నడుస్తోంది, బస్సులు లేవు, కరెంటు వస్తూ పోతూ ఉంది, రోడ్ల మీద పొయ్యిలు పెట్టి వండుతున్నారని టీవీలో చూపిస్తున్నారు. ఇవన్నీ చల్లారాక వెళ్ళొచ్చు గదా అన్నాడు. ఈయనా డాక్టరుగారిలా ‘వచ్చు’ అనేసరికి నేను బట్టలు సర్దుకున్నాను.

జగిత్యాల: సగం లేచిన చేయి

జగిత్యాలలో నా బీఎడ్ రూమ్మేట్ సుగుణ ఉంది. ఫోనులోనే జాగ్రత్తలు చెప్పింది. “ఆటోల కూసున్నంక నోరు తెరవకు తల్లీ. నువ్వు ఒక్క ‘అండీ’ అన్నవంటే ఏ ఊరుదానివో అందరికి ఎర్కైతది.”

పదహారేళ్ళుగా క్లాసులో పిల్లల నోళ్ళు మూయించిన దాన్ని, నా నోరు నేనే మూసుకోవాల్సి వచ్చింది. ఆటోలో నాతో పాటు ఒక మేక, మేకకు టిక్కెట్టు కొన్న ఒక పెద్దాయన, ఇంకా ఎంతమంది పడతారో అంతమంది ఉన్నారు. మామూలు రోజుల కంటే మూడింతలు తీసుకుంటున్నారట. మేకకు మాత్రం ధర పెంచలేదు.

ఊళ్ళోకి వస్తుండగా రోడ్డుకు అడ్డంగా టైర్లు, జెండాలు, కుర్రాళ్ళు. ఆటో ఆగింది. ఒకతను లోపలికి తొంగి చూసి, “అందరు చేతులు లేపి జై తెలంగాణ అనుండ్రి, పోనిస్తం” అన్నాడు. అందరూ చేతులెత్తి గట్టిగా అన్నారు. పెద్దాయన మేక కాలు కూడా ఎత్తాడు. నేను నా శక్తికొద్దీ కుడిచేయి ఎత్తితే అది భుజం దాకా వచ్చి ఆగిపోయింది. ఎడమచేయి ఎత్తుదామంటే దానిలో సంచీ ఉంది.

“గదేంది మేడం, సగమే లేపవడ్తిరి?”

భుజం చూపించి సైగ చేశాను. ఆ కుర్రాడి ముఖం జాలితో నిండిపోయింది. “అయ్యో, పక్షవాతమా! గొల్లపల్లిల ఒకాయన పసరు వోస్తడు. మా పెద్దమ్మకు మూతి గుంజుకపోతే సక్కగైంది. మీ మాట గూడ వస్తది, రంది వడకుండ్రి.”

“పక్షవాతం కాదండీ!” అనేశాను.

ఆటో మొత్తం నా వైపు తిరిగింది. ‘అండీ’ గాలిలో అలాగే ఉండిపోయింది. మేక కూడా నా వైపే చూసినట్టు అనిపించింది. ఆ కుర్రాడు నవ్వాడు. “ఆంధ్రా మేడమా! గీ టైముల ఎట్ల అచ్చిండ్రు? దిగుండ్రి, దిగి చాయ్ తాగి పోండ్రి. మా కొట్లాట మీతోని కాదు.” దిగక తప్పలేదు. చిన్న గ్లాసులో చిక్కటి టీ, ఉప్పు బిస్కెట్టు ఇచ్చారు. తాగుతున్నంత సేపూ ఒక్కొక్కరూ వచ్చి నా భుజానికి ఒక్కో మందు చెప్పారు. ఆముదం, వేడి ఇసుక, పావురం రక్తం. పావురం రక్తం దగ్గర నేను లేచాను.

సుగుణ ఇంట్లో పచ్చిపులుసు పెట్టింది. చింతపండు రసంలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి పిసికి, తాలింపు వేస్తారు, పొయ్యి మీద పెట్టరు. నాకది తెలియక గిన్నె ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. “తినవేందే?” అంది సుగుణ. “మరగనీ” అన్నాను. ఆ రోజంతా ఆమె వచ్చిన వాళ్ళందరికీ ఈ కథే చెప్పి నవ్వింది. చెప్పొద్దూ, మా చారు కంటే అదే బాగుంది.

కోరుట్ల: లేని బిందెను మోయడం

రాజన్నగారికి యాభై దాటి ఉంటాయి. పొట్టిగా, గట్టిగా, ఎండకు కమిలిన మనిషి. దుబాయిలో పద్నాలుగేళ్ళు పనిచేసి, మోకాళ్ళరిగి, చేతిలో పెద్దగా ఏమీ మిగలకుండా తిరిగొచ్చాడు. మొదట్లో ఊళ్ళో వాళ్ళు ఆయన్ని ‘ఉత్త చేతుల రాజన్న’ అనేవారట. ఈ కసరత్తు మొదలుపెట్టాక ‘చైనా రాజన్న’ అంటున్నారు. ఆ పేరు చెప్పేటప్పుడు ఆయన భుజాలు కొంచెం వెనక్కి వెళ్ళడం గమనించాను.

ఆయన భార్య లచ్చవ్వ బీడీలు చుడుతుంది. వాకిట్లో గోడకానుకుని, ఒళ్ళో చాట పెట్టుకుని, మనిషి ముఖం చూసి మాట్లాడుతూనే వేళ్ళతో బీడీలు చుట్టి పారేస్తుంటుంది. నేను “రాజన్న గారూ” అనగానే ఆమెకు నవ్వు ఆగలేదు. “గారూనట! ఓ గారూ, మీకోసం అచ్చిండ్రు సూడుండ్రి” అని లోపలికి కేకేసింది. నేనున్నన్నాళ్ళూ ఆమె ఆయన్ని గారూ అనే పిలిచింది.

నేను చదివొచ్చిన జ్ఞానం కాస్త ప్రదర్శిద్దామని, “ఇది తావో మార్గం కదండీ?” అన్నాను.

“గదెక్కడుంటది మేడం?” అన్నాడాయన.

తావో పేరు ఆయనెప్పుడూ వినలేదు. ప్రాణశక్తి అన్నా తెలియదు. ఆయన మాట ఖువ్వత్. ఒంట్లో ఉండే బలాన్ని వాళ్ళవైపు అలా అంటారు. “ఖువ్వత్ అందరికి ఉంటది మేడం. కోపానికింత, రందికింత, ఉత్తగ ఖర్సు వెడ్తం. దాన్ని బొడ్డు కింద జమ చేసుడే మన పని.” నేను ఆ పుస్తకం మొత్తంలో తెలుసుకున్నది ఇంతే. కాకపోతే అక్కడ చాలా పేజీలు పట్టింది.

గురువు సంగతి అడిగాను. ఆ చైనా ఆయన పేరు లీ. రాజన్నకు చైనా భాష రాదు, లీకి తెలుగు రాదు, హిందీ రాదు, ఇంగ్లీషు ఇద్దరికీ రాదు. పొద్దున్నే డ్యూటీకి ముందు లీ కంటెయినర్ల పక్కన కసరత్తు చేస్తుంటే ఈయన వెనక నిలబడి, ఆయన ఏం చేస్తే అది చేశాడు. ఏళ్ళ తరబడి చేశాడు. “ఒక్క ముక్క ఇడిసిపెట్టలె మేడం” అన్నాడు గర్వంగా.

మర్నాడు పొద్దున వాకిట్లో మొదలుపెట్టాం. ఊళ్ళో రిటైరైన పోస్ట్‌మాన్ ఒకాయన, ఇద్దరు బీడీ కార్మికులు, నేను. మొదటిది నిలబడటం. కాళ్ళు ఎడంగా, మోకాళ్ళు కొంచెం వంచి, పెద్ద బిందెను కావలించుకున్నట్టు చేతులు గుండ్రంగా పెట్టాలి. ఊపిరి బొడ్డు కిందికి వెళ్ళాలి. ఏమీ ఆలోచించకూడదు. నేను నిలబడగానే హెడ్మాస్టరుగారు గుర్తొచ్చారు. ఆ తర్వాత సాంబారు. ఆ తర్వాత నా ముక్కు మీద ఒక ఈగ వాలింది. నీళ్ళలా మెత్తగా ఉండమన్నారు కాబట్టి ఉన్నాను. ఈగ అటూ ఇటూ తిరిగింది. తొడలు వణకడం మొదలైంది.

“ఖువ్వత్ అస్తుంది” అన్నాడు రాజన్న సంతోషంగా.

“వెళ్ళిపోతోందండీ” అన్నాను.

తర్వాత తలుపు నెట్టినట్టు అరచేతులు ముందుకు తోయడం. తర్వాత రెండు చేతులతో నడుం పట్టుకుని, ఒక్క కుదుపుతో పైకి లాగడం. ఇది మాత్రం నాకు అర్థం కాలేదు. ప్రతి వరస చివరా ఆ కుదుపు ఉంది. చీర కట్టుకుని దాన్ని చేయడం ఎంత ఇబ్బందో చెప్పలేను. దీనివల్ల ఏమవుతుందని అడిగాను. ఖువ్వత్ కిందికి జారకుండా అన్నాడు. గోడ దగ్గర నుంచి లచ్చవ్వ, “లీ భాయ్ ప్యాంటు వదులుండె గావచ్చు” అంది.

“నీకేం ఎర్కనే? బీడీలు సుట్టు” అన్నాడు రాజన్న. కానీ ఆ అనుమానం నాలో ఉండిపోయింది.

లచ్చవ్వ చాట

రెండో రోజు ఒళ్ళంతా వదులుగా దులపడం నేర్పాడు. చేతులు ఊపుతూ, తల ఊపుతూ, తడిసిన కుక్క దులుపుకున్నట్టు దులపాలి. నాకది బాగా నచ్చింది. ఏడాదిగా పోగైన విసుగంతా అందులో దులుపుతున్నానేమో, కళ్ళు మూసుకుని ఎటు జరుగుతున్నానో చూసుకోలేదు. నా ఎడమ మోచేయి పోయి లచ్చవ్వ చాటకు తగిలింది. పొగాకు, ఆకులు, చుట్టిన బీడీలు వాకిలంతా పరుచుకున్నాయి.

“గీ ఖువ్వత్ ఏమొగని నా తంబాకంత గాలికి వాయె!” అని అరిచింది లచ్చవ్వ.

నేను కూర్చుని ఏరడం మొదలుపెట్టాను. ఒంటిచేత్తో ఏరుతుంటే చూసి ఆమె కోపం తగ్గింది. నా చేయి పట్టుకుని మెల్లగా పైకెత్తి చూసింది, నొప్పికి కేక పెట్టాను. “గిట్ల బిగుసుకుంటె గాయినె ఖువ్వత్ ఎక్కడికెళ్ళి పోతది లోపటికి? ఆగుండ్రి” అని, పెనం మీద రాళ్ళుప్పు వేయించి, గుడ్డలో మూటకట్టి నా భుజానికి కాపడం పెట్టింది. ఆ రోజు నుంచి పొద్దున ఆయన విద్య, సాయంత్రం ఆమె ఉప్పు. ఏది పనిచేస్తోందో తెలియకుండా పోయింది. ఇద్దరూ ఎవరికి వాళ్ళు నాకు రహస్యంగా, “గదంత ఉత్తదే, పనిచేసేది ఇదే” అని చెప్పారు.

మా వైపు ఇంటికొచ్చిన వాళ్ళను ముందు కాఫీ తాగుతారా అని అడుగుతాం. ఇక్కడ అడగరు, తెచ్చి చేతిలో పెడతారు. వద్దంటే తప్పు చేసినట్టు చూస్తారు. ఒక మధ్యాహ్నం పక్కింటావిడ బొబ్బెర గుడాలని ఉడికించిన అలసందలు తెచ్చింది, ఇంకొకావిడ సర్వపిండి అనే బియ్యప్పిండి రొట్టె తెచ్చింది. ఆంధ్రా నుంచి వచ్చిన మనిషి ఎలా ఉంటుందో చూద్దామని వచ్చినవాళ్ళే అందరూ. నేను వాళ్ళలాగే ఉండేసరికి కొంచెం నిరాశ పడ్డారు కూడా.

ఆకాశం నుంచి అందుకునేది

చివరి వరస నాకు అన్నిటికంటే కష్టమైంది. దాన్ని రాజన్న అందరికంటే ముందు నిలబడి, గంభీరంగా చేసి చూపిస్తాడు. కుడిచేయి నిటారుగా పైకెత్తాలి. అక్కడేదో ఉన్నట్టు పట్టుకోవాలి. మెల్లగా దించి నెత్తిన పెట్టుకోవాలి. రెండుసార్లు తట్టాలి. గడ్డం కింద వేళ్ళు కలిపి ముడివేసినట్టు చేయాలి. ఆ తర్వాత వెనక్కి చూడకుండా గేటు దాకా నడవాలి. గేటు దగ్గర అయిపోయినట్టు. అక్కడి నుంచి తిరిగొస్తే లచ్చవ్వ చాయ్ గ్లాసు చేతికిస్తుంది.

“మీదికెళ్ళి ఖువ్వత్ తీస్కొని, నెత్తి మీద వెట్టుకొని, జారిపోకుంట కింద ముడేసుడు” అని వివరించాడు రాజన్న. “మీ చెయ్యి లేవాల్నంటే గిదే అసలు మందు మేడం. లేవకుంటె లేవకపాయె, అందుకున్నట్టు అనుకోండ్రి. బలవంతం చెయ్యద్దు.”

మొదటి రోజు చెవి కింది దాకా కూడా అందలేదు. కానీ అందుకోవాలన్న ఆశ చేతికి పట్టుకుంది. రోజూ పొద్దున ఆ కనిపించని దాని కోసం చేయి చాపుతున్నాను. తలుపు నెట్టడం, బిందె మోయడం నాకు కసరత్తులే. ఈ ఒక్కటి చేస్తున్నప్పుడు మాత్రం ఒంట్లో ఏదో వదులవుతోందని అనిపించేది. వెనక్కి చూడకుండా నడవడం కూడా బాగుండేది. ఆ గేటు దాకా నడిచేటప్పుడు నాకు హెడ్మాస్టరుగారు గుర్తొచ్చేవారు కాదు.

సిరిసిల్ల దారి: కొడిమ్యాలలో భోజనం

సిరిసిల్ల మరమగ్గాల వాళ్ళు రాజన్నను పిలిపించారు. పొద్దస్తమానం మగ్గాల ముందు నిలబడి నడుములు, మెడలు పట్టేసిన వాళ్ళు చాలామంది. కరెంటు కోతలతో మగ్గాలు ఆగి ఖాళీగా ఉన్నారు కాబట్టి ఇప్పుడే నేర్పమన్నారట. కోరుట్ల దాటి ఆయనకు వచ్చిన మొదటి పిలుపు అది. తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. లచ్చవ్వ అక్క అక్కడే ఉంటుంది కాబట్టి తానూ వస్తానంది. నేనెలాగూ తోకలా వెనకే ఉన్నాను.

జీపులో వెళ్తుంటే కొడిమ్యాల దగ్గర రోడ్డు మీదే వంటలు చేస్తున్నారు. కట్టెల పొయ్యిల మీద పెద్ద గుండిగలు, అన్నం, పప్పు, వంకాయ కూర. ఇక్కడ అడ్డుకునే పద్ధతి వేరు, తిననిదే పోనివ్వరు. తినేశాం అని చెబితే, “మా రోడ్డు మీద తినలె గదా” అన్నారు. జీపులో ఉన్న వాళ్ళందరం దిగి తారురోడ్డు మీద విస్తర్లు పరుచుకుని కూర్చున్నాం. మా ఊళ్ళో రోడ్డు దిగ్బంధం అంటే తిట్లు, దెబ్బలు. ఇక్కడ వంకాయ కూర రెండోసారి వడ్డించుకుని తిన్నాను.

సిరిసిల్ల: ఆనాటి నిరసన

మగ్గాల వీధిలో అడుగుపెడితే చెవులు పగిలిపోతాయని చెప్పారు నాకు. ఆ రోజు మాత్రం చప్పుడే లేదు. కరెంటు లేదు. మగ్గాల మీద సగం నేసిన తెల్లగుడ్డ అలాగే ఆగి ఉంది. జనమంతా చౌరస్తాలో రిలే దీక్షల టెంటు దగ్గర ఉన్నారు. అక్కడ రోజుకొక వృత్తి వాళ్ళు కూర్చుంటారు, టెంటు ముందు రోజుకొక కొత్తరకం నిరసన చేస్తారు. ముందురోజు రోడ్డు మీద గుండ్లు కొట్టించుకున్నారట. అంతకుముందు కబడ్డీ ఆడారట.

టెంటులో చోటు లేదు కాబట్టి రాజన్న తన విద్యార్థులను రోడ్డు మీదే వరసల్లో నిలబెట్టాడు. మగ్గాల వాళ్ళు మొదట యాభై మందేమో. లేని బిందెలను కావలించుకుని అందరూ కదలకుండా నిలబడగానే, ఆ పక్కగా వెళ్తున్న వాళ్ళు ఆగారు. “ఇయ్యాల్టిదిదా?” అని ఒకరినొకరు అడిగారు. దుకాణాల వాళ్ళు దిగొచ్చారు. లాయర్లు నల్లకోట్లతో వచ్చి వెనక వరసలో నిలబడి చేతులు గుండ్రంగా పెట్టారు. ఇది నిరసన కాదని చెబుదామని నేను నోరు తెరిచేలోగా రోడ్డు మొత్తం నిండిపోయింది. రాజన్న కళ్ళు మూసుకుని ఉన్నాడు, ఆయనకేమీ తెలియదు.

పోలీసులు వ్యానుతో సహా వచ్చారు. సీఐగారు దిగి చూశారు. నినాదాలు లేవు, రాళ్ళు లేవు. కొన్ని వందలమంది గాలిని కావలించుకుని ఊపిరి పీలుస్తున్నారు.

“లేపుండ్రి” అన్నారు సీఐగారు.

“లేచే ఉన్నరు సార్” అన్నాడు కానిస్టేబుల్.

ఏం చేయాలో తోచక వాళ్ళూ నిలబడ్డారు. తోయడం అయింది, దులపడం అయింది. అంతమందీ ఒక్కసారిగా నడుములు పట్టుకుని కుదిపి పైకి లాగడం, లుంగీల వాళ్ళూ నల్లకోట్ల వాళ్ళూ కలిసి, నేను జన్మలో మర్చిపోను. ఆఖరి వరస వచ్చింది. చేతులన్నీ పైకి లేచాయి, పట్టుకున్నాయి, నెత్తికి దిగాయి, తట్టాయి, గడ్డాల కింద ముడివేశాయి.

“ఓ రాజన్నా!” అని ఎవరో పెద్దగా నవ్వారు. మల్లాపూర్ గంగారాం అట. దుబాయిలో రాజన్నతో అదే క్యాంపులో ఉన్నవాడు, కూతురింటికి వచ్చి, జనాన్ని చూసి ఆగాడు. “గది హెల్మెట్ పెట్టుకునుడు గాదె! కంటెయినర్ పక్కపొంటి ఇనుప కడ్డీకి హెల్మెట్లు తగిలేస్తుండె, యాదికి లేదా? లీ గాడు కసరత్తు ఒడిసినంక హెల్మెట్ తీస్కొని, నెత్తిన వెట్టుకొని, పట్టి బిగించుకొని డ్యూటీకి పోతుండె. గది గూడ నేర్సుకున్నవానే!”

ముందు వరస నవ్వింది. అర్థం కాని వాళ్ళకు అర్థమైన వాళ్ళు చెప్పారు, వాళ్ళూ నవ్వారు. నవ్వు వెనక్కి వెనక్కి పాకింది. రాజన్న వేళ్ళు ఇంకా గడ్డం కిందే ఉన్నాయి. ముఖంలో రక్తం లేదు. ఇస్త్రీ చొక్కాలో ఆ మనిషి అంత చిన్నగా కనిపించేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళు బొడ్డు కింద జమ చేసిందంతా ఒక్కసారి నెత్తికెక్కింది.

“నవ్వకండి!” అని అరిచాను, పదో తరగతిని ఆపే గొంతుతో. “ఈయన దగ్గరికి వచ్చినప్పుడు నా చేయి భుజం దాటి లేవలేదు. ఇప్పుడు ఎక్కడిదాకా లేస్తుందో చూడండి!”

అని చేయి ఎత్తాను. చెవి దాకా చూపిద్దామని. అది చెవి దాటింది, తల దాటింది, నిటారుగా ఆకాశంలోకి వెళ్ళింది. వెళ్ళాక నాకు భయమేసింది.

ఈ సమ్మె రోజుల్లో ఆ ఊళ్ళలో ఒక చేయి పైకి లేస్తే దానికొక్కటే జవాబు. నా మాటలు దూరం వాళ్ళకు వినబడలేదు, చేయి కనబడింది.

“జై తెలంగాణ!” అంది చౌరస్తా మొత్తం.

దించుదామంటే చేయి దిగడం లేదు. ఏడాది తర్వాత పైకి వెళ్ళిన చేయి అక్కడే పట్టేసింది. నొప్పికి కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. కొంచెం కదిలిస్తే మళ్ళీ “జై తెలంగాణ!” ఇంకొంచెం కదిలిస్తే ఇంకా గట్టిగా. కన్నీళ్ళతో చేయి దించకుండా నిలబడ్డ నన్ను చూసి లాయర్లు కూడా కదిలిపోయారు. సీఐగారికి అప్పటిదాకా దొరకని నాయకత్వం దొరికింది.

“ఆ చెయ్యెత్తిన మేడంను ముందు ఎక్కించుండ్రి” అన్నారు.

వ్యానులో

నన్ను, రాజన్నను, దొరికిన కొంతమందిని ఎక్కించారు. లచ్చవ్వను ఎవరూ పట్టుకోలేదు, తానే ఎక్కింది. నా చేయి వ్యాను కుదుపులకు మెల్లగా దిగింది.

రాజన్న నాతో, “హెల్మెటే గావచ్చు మేడం” అన్నాడు. “లీ భాయికి నాకు మాటల్లెవ్వు. ఏది కసరత్తో, ఏది డ్యూటీయో నాకేం ఎర్క. గాయినె జేసింది నేను జేసిన. రేపటి సంది గా ముక్క తీసేస్త.”

నా చేయి దానివల్లే లేచిందని చెప్పబోయాను. లచ్చవ్వ నాకంటే ముందు మాట్లాడింది. ఈసారి గారూ అనలేదు.

“తియ్యకు. దుబాయికి పోయినప్పుడు గట్లనే నెత్తి సదురుకొని, వెనుకకు సూడకుంట పోతివి. మూడేండ్లకోసారి అస్తివి. ఇప్పుడు రోజు పొద్దుగాల గేటు దాకా పోయి, చాయ్‌కి మల్ల ఇంటికే అస్తున్నవ్. గది సూసుకుంటనే నేను బీడీలు సుడ్తున్న. గా ముక్క నేను తియ్యనియ్య.”

రాజన్న తల దించుకున్నాడు. ఆయన ఏడుస్తున్నాడని నాకు తెలుసు. నాకూ ఏడుపు వచ్చింది, కానీ నేను అప్పటికే భుజం నొప్పికి ఏడుస్తున్నాను కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు.

పోలీసు మైదానంలో దింపి, ఒక్కొక్కరినీ అడిగి పంపుతున్నారు. నా వంతు వచ్చింది. కానిస్టేబుల్ ఆ ఊరివాడే, అలసిపోయి ఉన్నాడు.

“ఊరు?”

“తెనాలండీ.”

తలెత్తి చూశాడు. “తెనాలి నుంచి అచ్చి గిక్కడ చెయ్యి లేపిండ్రా? మీ డిమాండ్ ఏంది మేడం?”

“నా చేయి లేవాలని.”

“లేసిందా?”

“లేచిందండీ.”

ఆయన నా భుజం వైపు చూశాడు.

“నయం, మీ డిమాండన్న అయింది” అని పక్కకు జరిగి నాకు దారి ఇచ్చాడు.